ఇరవై మంది లేని షెడ్డు

విజయవాడ ఆటోనగర్‌లో చిన్న కంపెనీల పీఎఫ్ లెక్కలు చూడడం నా పని. లారీ బాడీలు కట్టే షెడ్లు, లేత్ వర్క్‌షాపులు నా ఖాతాదారులు. కొత్త ఉద్యోగాలకు సబ్సిడీ అని పేపర్లో పడితే చాలు, ఫోన్లు మొదలవుతాయి. "మన దగ్గర ఉన్నోళ్లకి కూడా వస్తుందాండీ?" రాదు. రాకూడదు కూడా.

2018 ఏప్రిల్ నుంచి ప్రధానమంత్రి రోజ్‌గార్ ప్రోత్సాహన్ యోజన కింద, 15 వేల లోపు జీతంతో చేరిన కొత్త ఉద్యోగికి యజమాని వాటా 12 శాతం కేంద్రమే మూడేళ్లు కట్టింది. అప్పుడు ఏళ్లుగా పీఎఫ్ లేకుండా పనిచేస్తున్న వెల్డర్లు కొందరు కాగితం మీద కొత్త ఉద్యోగులయ్యారు. వాళ్లకు పీఎఫ్ వచ్చింది, సంతోషం. కానీ పని లేనివాడికి పని దొరకలేదు.

ఇప్పటి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన ఈ లొసుగును కొంత పూడ్చింది. ఉన్న సంఖ్య మీద అదనంగా, 50 మంది లోపు ఉన్న సంస్థ ఇద్దరినైనా, అంతకు మించితే ఐదుగురినైనా చేర్చుకుని ఆరు నెలలు నిలబెట్టుకోవాలి. అప్పుడే మనిషికి నెలకు 3 వేల దాకా రెండేళ్లు ఇస్తారు. ఫ్యాక్టరీలకైతే నాలుగేళ్లు.

నా బాధ వేరు. ఆర్డర్లున్న పెద్ద ఫ్యాక్టరీ మనిషిని ఎలాగూ పెట్టుకుంటుంది. ఎనిమిది మందితో నడిచే షెడ్డు యజమానే తొమ్మిదోవాడి జీతం గురించి నెలల తరబడి తర్జనభర్జన పడతాడు. మూడు వేల రూపాయలు మొగ్గు తేల్చేది అక్కడ! 2009 మాంద్యంలో ఫ్రాన్స్ పదిమంది కన్నా తక్కువ ఉన్న సంస్థలకే, అదీ చిన్న జీతాల కొత్త ఉద్యోగాలకే, సామాజిక భద్రత చందాలు మాఫీ చేసింది. ఉద్యోగాలు నిజంగానే పెరిగాయని ఆర్థికవేత్తలు తేల్చారు. మన దగ్గర సబ్సిడీ పీఎఫ్ గుమ్మం దాటి వస్తుంది. పీఎఫ్ చట్టమేమో మామూలుగా 20 మంది ఉంటేనే వర్తిస్తుంది.

ఇక ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజ్. 1959 చట్టం 25 మంది పైబడిన ప్రైవేటు సంస్థలను ఖాళీలు తెలపమంది, అక్కడి నుంచే తీసుకోమనలేదు. ఆటోనగర్‌లో మనుషులు ఇప్పటికీ తెలిసినవాళ్ల ద్వారానే వస్తారు. ఫ్రాన్స్‌లోనే ఆర్థికవేత్త ఎస్తేర్ డఫ్లో బృందం చేసిన ప్రయోగంలో, ప్రత్యేక సాయం అందిన చదువుకున్న నిరుద్యోగులకు త్వరగా ఉద్యోగాలొచ్చాయి. అయితే అందులో కొంత సాయం అందనివాళ్ల అవకాశాలను తగ్గించి వచ్చిందే. ఖాళీలే లేని చోట సలహా కేంద్రం క్యూలో మనిషిని ముందుకు జరపగలదు, అంతే. అందుకే ఉపాధి ఆఫీసు సేవా, కొత్త ఉద్యోగాల సబ్సిడీ కలిసి నడవాలి. ఉపాధి ఆఫీసు సిబ్బంది షెడ్డు షెడ్డుకూ వెళ్లి, ఎవరు కావాలో అడిగి తెలుసుకోవాలి.

2027 జూలై 31 దాకా చేరేవారికే వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. గడువు ముగిసేలోగా 20 మంది లేని షెడ్లకూ అందులో చోటివ్వాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.