స్థూలకాయమును గూర్చి బాంటింగు వ్రాసిన లేఖ

లండను నగరమున విలియం బాంటింగు అను నొక గృహస్థు ఉండెను. రాజవంశీయుల అంత్యక్రియలకు వలయు నేర్పాట్లు చేయుట అతని కుటుంబవృత్తి. 1862వ సంవత్సరము ఆగస్టు నాటికి అతనికి సుమారు 65 ఏండ్లు; పొడవు 5 అడుగుల 5 అంగుళములు; తూకము 202 పౌనులు, అనగా సుమారు 92 కిలోగ్రాములు. బూట్ల త్రాళ్లు ముడివేసికొనుటకు వంగలేడు. మోకాళ్లకు శ్రమ తగ్గుటకై మేడమెట్లను వెనుకకు తిరిగి దిగెడివాడు. జనులు పరిహసింతురని నలుగురిలోనికి పోవుట మానెను.

ఇతడు సోమరి కాడు, తిండిపోతును కాడు. ఒక వైద్యుని సలహాపై ప్రాతఃకాలమున పడవ నడపెను. కండబలము వృద్ధియయ్యెను, దానితో ఆకలియు వృద్ధియయ్యెను! ఆవిరిస్నానములు, ఖనిజజలములు, ఔషధములు అన్నియు అయినవి, ఫలము స్వల్పము. కడకు చెవులు మందగింపగా విలియం హార్వీ అను వైద్యునొద్దకు పోయెను. (రక్తప్రసరణమును వివరించిన హార్వీ వేరు, ఆయన 17వ శతాబ్దివాడు.) రొట్టె, వెన్న, పాలు, పంచదార, బీరు, బంగాళాదుంపలు మానుమని ఈ వైద్యుడు శాసించెను. మాంసము, చేపలు, కూరలు, కొలదిగా ఎండుకాల్చిన రొట్టె మిగిలినవి. ఒక యేటిలో 46 పౌనులు తగ్గెను, చెవులును బాగుపడెను. 1863లో బాంటింగు ఈ వృత్తాంతమును తన ఖర్చుతో చిన్న పుస్తకముగ అచ్చువేయించెను. స్వీడను దేశీయులు సన్నబడుటకై పథ్యము చేయుటను నేటికిని అతని పేరిట ‘బాంట’ అనియే యందురు. అతని పట్టికలో మద్యమును కలదు. దాని నెవ్వరును అనుకరింప నక్కరలేదు.

మన భాషలో భోజనమునకే అన్నమని పేరు. కాబట్టి ధాన్యము మానుట మనకు కష్టతరము. బియ్యము మాని జొన్నరొట్టె, కొర్రన్నము తినువారు తాము ధాన్యము మానితిమని తలంతురు. అవియు ధాన్యములే, వానిలోను పిండిపదార్థమే హెచ్చు. ఇడ్లీ, ఉప్మా, అటుకులును అంతే. కందిపప్పు ధాన్యము కాకున్నను దాని తూకములో సగమునకు మించి పిండిపదార్థమే. చేమ, చిలగడ దుంపలతో కంచము నింపినచో చేసిన త్యాగము వ్యర్థము. బీర, సొర, వంగ, ఆకుకూరలు, గ్రుడ్లు, చేపలు, పెరుగు, వీనితో ఆకలి తీర్చుకొనవలెను. తొలుత పంచదార కాఫీని, మిఠాయిలను, సాయంకాలపు చిరుతిండ్లను విడిచి, పిమ్మట అన్నమును కొంచెము కొంచెముగ తగ్గించుట సుకరమని నా యభిప్రాయము.

మొదటి వారమున తూకము వేగముగ తగ్గును. సంతోషింపవచ్చును గాని మోసపోరాదు. మన కాలేయమునందును కండరములందును నిలువయుండు పిండిపదార్థము తనకు సుమారు మూడింతల నీటిని పట్టియుంచును. ఆ నిలువ తరుగగా నీరును పోవును. క్రొవ్వు కరగుట తరువాత నెమ్మదిగ జరుగును. నీటితో ఉప్పును పోవుటచే కొన్ని దినములు తలనొప్పి, నీరసము కలుగవచ్చును.

ధాన్యము విషమని చెప్పువారిని నేను నమ్మను. 2018లో అమెరికాలో 609 మందిపై జరిగిన పరీక్ష ఫలితములు ప్రకటింపబడెను. పిండిపదార్థము తగ్గించినవారును, క్రొవ్వు తగ్గించినవారును ఒక యేడాదిలో ఇంచుమించు సమానముగనే సన్నబడిరి. ఏ మార్గమున మనుష్యుడు నిలువగలడో అదియే అతనికి పనికివచ్చును.

మధుమేహమునకు ఇన్సులిను గాని మాత్రలు గాని వాడు తల్లిదండ్రులు వైద్యు నడుగక దీని నారంభింపరాదు. అన్నము తగ్గి మందు తగ్గనిచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగ పడిపోవును. మూత్రపిండముల వ్యాధి గలవారికిని, గర్భిణీస్త్రీలకును ఇదే హెచ్చరిక. ఇక విద్యార్థులారా, మీవి యెదుగు శరీరములు. అద్దము చూచుకొని ఉదయభోజనము మాని బడికి వచ్చు బాలికలను నేనెరుగుదును. పదునొకండు గంటలకు వారికి తల తిరుగును. బాంటింగు లేఖ వారికొరకు వ్రాసినది కాదు.

అతడు తూకమును అప్పుడప్పుడు చూచుకొని, ఆ లెక్కలను పట్టికగ తన పుస్తకమున ముద్రించెను. మెట్లను అందరివలె ముందునకు చూచుచు దిగగలుగుచున్నానని కూడ వ్రాసెను. 1878లో, 81 ఏండ్ల వయసున మరణించెను.