కొమ్ము మెలిక చూసి గేదెకు ధర కట్టొద్దు

పాడి గేదెను కొనడానికి వెళ్ళిన రైతు చూపు ముందు కొమ్ముల మీదే పడుతుంది. గట్టిగా చుట్టుకున్న రింగు కొమ్ములుంటే ‘అసలు ముర్రా’ అంటారు. కాస్త విడిగా ఉంటే పెదవి విరుస్తారు. ఈ సంగతి దళారులకు బాగా తెలుసు. అందుకే కొమ్ములు గీకి, నూనె రాసి నిగనిగలాడేలా చేసి నిలబెడతారు. ఆ మెలికకు మీరిచ్చే అదనపు సొమ్ము పాల రూపంలో తిరిగొస్తుందా? అప్పు తెచ్చి ఒకటో రెండో గేదెలు కొనే చిన్న రైతు ఈ లెక్క చూసుకోక తప్పదు.

కొమ్ము చెప్పేదేమిటి?

కొమ్ము జాతిని చెబుతుంది. హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్, జింద్ ప్రాంతాలు ముర్రాకు పుట్టిల్లు. దీని పొట్టి కొమ్ములు వెనక్కి, పైకి తిరిగి లోపలికి చుట్టుకుంటాయి. సూర్తి కొమ్ములు కొడవలిలా ఉంటాయి. జాఫరాబాదీకి బరువైన కొమ్ములు కిందికి వాలతాయి. మెహసానా కొమ్ములకు ముర్రా అంత బిగువుండదు.

అయితే కొమ్ము పాలను చెప్పదు. ముర్రా సగటు దిగుబడి ఈతకు సుమారు 1,750 కిలోలు. అవే రింగు కొమ్ములతో వెయ్యి దగ్గరే ఆగిపోయేవీ ఉన్నాయి, రెండు వేలు దాటేవీ ఉన్నాయి. మన నాటు గేదెలకు ముర్రా వీర్యం ఎక్కించగా పుట్టిన గ్రేడెడ్ ముర్రాలకు కొమ్ములు ఒక్క తీరున ఉండవు. వాటిలోనూ మంచి పాడి పశువులున్నాయి.

అమెరికాలో తెల్లతోక జింకలను ఫారాల్లో పెంచుతారు. కొమ్ముకు పంగలెన్ని, విస్తారమెంత, రెండు వైపులా ఒకే తీరుగా ఉన్నాయా, అడ్డదిడ్డంగా విచ్చుకున్నాయా అని చూసి మగ జింకకు ధర కడతారు. అక్కడ వేటగాళ్ళు డబ్బిచ్చేది కొమ్ములకే. మీకు డబ్బిచ్చే పాలకేంద్రం మాత్రం పాలు, వెన్న శాతం కొలుస్తుంది. కొమ్ములు కొలవదు.

వదిలేసిన వాటిలోనే ఉండొచ్చు

సంతలో పది గేదెలున్నాయనుకోండి. కొమ్ములు నచ్చక ఆరింటిని వదిలేశారు. ఇక మిగిలిన నాలుగింట్లోనే పాలు వెతుక్కోవాలి. ఎక్కువ పాలిచ్చేది ఆ ఆరింటిలో ఉంటే మీ చేయి దాటిపోయినట్లే. పైగా మిగిలిన నాలుగింటికి ధర కూడా ఎక్కువే.

కొనేటప్పుడు

* ముందు రోజు సాయంత్రం మీ కళ్ళెదుటే పూర్తిగా పితికించండి. తర్వాత వరుసగా రెండు పూటలు కొలవండి. పాలు నిలవబెట్టి పొదుగు నింపే మోసం ఇందులో బయటపడుతుంది.
* పితికాక పొదుగు మెత్తబడాలి. నాలుగు చన్నుల నుంచీ ధార రావాలి. గడ్డలుంటే వద్దు.
* కొమ్ము గీతలతో వయసు లెక్కించొద్దు, గీకేస్తే అవి పోతాయి. పళ్ళు చూడండి.
* చూడిదని చెబితే పశువైద్యుడితో పరీక్ష చేయించండి.

మరీ బిగువు ముప్పే

కొందరు ముచ్చటపడే బిగువు కొమ్ము పెరిగి పెరిగి కొన తలకే గుచ్చుకోవచ్చు. అక్కడ పుండై పురుగులు పడతాయి. ముసలి పశువుల్లో కొన చర్మానికి తగులుతుందేమో అప్పుడప్పుడు వేలు పెట్టి చూడండి. తగిలేలా ఉంటే పశువైద్యుడితో కొన తీయించండి. మీరే రంపం పట్టొద్దు, లోపల నెత్తురు నరాలుంటాయి.

దూడ మీ చేతిలో ఉంది

పడ్డ దూడ పాలు తల్లి మీదే కాదు, తండ్రి మీదా ఆధారపడతాయి. ఊళ్ళో దున్న కొమ్ములు అందంగా ఉన్నాయని దాటించొద్దు. దాని తల్లి ఎన్ని పాలిచ్చిందో అడగండి. వీర్యం వేయిస్తే ఆ గొట్టం మీది దున్న నంబరు రాసి ఉంచండి. పుట్టిన పడ్డ ఎదకొచ్చినప్పుడు అదే నంబరు మళ్ళీ వేయించకూడదు.

రింగు కొమ్ములకు బజారులో ధర పలుకుతున్న మాట నిజమే. మీ గేదెకు అవి ఉంటే అమ్మేటప్పుడు ఆ ధర తీసుకోండి, తప్పులేదు. లేకపోతే దిగులు పడకుండా రోజూ రెండు పూటలా పాల కొలత ఒక నోటు పుస్తకంలో రాయండి. కొనడానికి వచ్చినవాడికి ఆ పుస్తకం చూపించి ధర అడగండి.