వేగమును దాచుకొనని గణితము

బ్రౌజరు తెరపై వ్రేలాడుచున్న వస్త్రఖండమొకదానిని మౌసుతో పట్టి లాగి విడిచినచో, అది నిజమైన బట్టవలెనే ముడుతలుపడి, ఊగి, మెల్లగా నిలుకడకు వచ్చును. ఆ చోద్యమును నడపు సూత్రము కంప్యూటరుకంటె వయసున పెద్దది. ధ్రువజ్యోతికి కారణమరయుచు నార్వే గణితవేత్త కార్ల్ స్టోర్మర్, సూర్యునినుండి వచ్చు విద్యుత్కణములు భూమి అయస్కాంత క్షేత్రమున నెట్లు వంపులు తిరుగునో 1907 నాటికే ఈ రీతిని లెక్కగట్టెను. 1967లో ఫ్రెంచి భౌతికశాస్త్రజ్ఞుడు లూ వెర్లే 864 కణములుగల ద్రవమును కంప్యూటరున నడిపింప దానినే చేపట్టెను. పేరు మాత్రము వెర్లేకు దక్కినది. శాస్త్రలోకమున ఇట్టి అన్యాయములు కొల్లలు.

ప్రస్తుత స్థానమును రెట్టించి, అందుండి గతస్థానమును తీసివేసి, త్వరణమును కాలాంతర వర్గముచే హెచ్చవేసి కలిపినచో రాబోవు స్థానము తేలును. నిన్నటి గడి 10, నేటి గడి 13, గురుత్వము చేర్చునది 1 అయినచో, రేపటి గడి 17. వేగమును వేరుగా వ్రాసిపెట్టుకొననక్కరలేదు. అది ఆ రెండు స్థానముల భేదమునందే యిమిడియున్నది.

ఈ లోభిత్వమే మహోపకారమైనది. డెన్మార్కున రూపొంది 2000లో వెలువడిన ‘హిట్‌మాన్’ ఆటలో నేలకొరిగిన దేహములను సహజముగా ఈడ్చుటకు థామస్ యాకొబ్సన్ దీనిని వినియోగించి, మరుసటియేడు ఆ మర్మమును సభాముఖమున వివరించెను. బిందువులను కలుపు దారము సాగినచో, దాని రెండు కొసలను చెరిసగము దగ్గరకు జరిపిన చాలును, వేగము తనంతట సరిపడును. నులకమంచమున ఒక పేట బిగింప ప్రక్కపేట వదులైనట్లు, ఒక దారము కుదిరిన వేరొకటి చెడును గాని, పలుమారులు తిరుగవేయగా అన్నియు దాదాపు సర్దుకొనును.

బ్రౌజరునందు ఈ పనియంతయు, తెర సెకనునకు 60 మారులు మారునెడ, ఒక్కొక్కమారు సుమారు 16.7 మిల్లీసెకన్లలో ముగియవలయును. చిక్కంతయు వేరొకచోట నున్నది. గడచిన కాలాంతరమును, రాబోవు కాలాంతరమును సమానమని ఈ సూత్రము నమ్మును. చూపరి మరియొక ట్యాబునకు పోయినచో బ్రౌజరు చిత్రణను నిలిపివేయును. అతడు తిరిగివచ్చినపుడు ఆ నిమిషములన్నింటిని ఒకే అడుగుగా వేయించినచో బట్ట తుత్తునియలై తెరదాటి యెగిరిపోవును. కావున నేర్పరులు గడచిన కాలమును సెకనులో 60వ వంతు తునకలుగా కోసి, కొన్నింటిని మాత్రమే సూత్రమునకు అందించి, తక్కినదానిని పారవేయుదురు. చూపరి లేని ఆ నిమిషములలో బట్టకు వయసు పెరుగదు.