వీధుల అనుసంధానం – నగర విస్తరణ: కున్మింగ్ నగరం ఒక పరిశీలన

ప్రస్తావన:
నగరం పెరగడం వేరు, పరచుకోవడం వేరు. జనంతోపాటు వీధులు, కూడళ్లు, ప్రజారవాణా పెరిగితే అది వృద్ధి. కట్టడాలు ముందుకు సాగి, నడవదగిన దారులు వెనకబడితే అది అపసవ్య విస్తరణ. చైనాలోని యునాన్ ప్రావిన్స్ రాజధాని కున్మింగ్ ఆధారంగా ఈ భేదాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

విస్తరణ – నేపథ్యం:
కున్మింగ్ పాతనగరం దియాన్ సరస్సుకు ఉత్తరాన ఉంది. సరస్సు తూర్పు తీరాన చెంగ్‌గోంగ్‌ను కొత్త పట్టణంగా నిర్మించాలని 2003లో నిర్ణయించారు. విశాలమైన రహదారులు, ప్రహరీలున్న గృహసముదాయాలు ముందు వెలిశాయి. నివాసులు, మెట్రో తరువాత వచ్చారు. దీనికి ఆర్థిక కారణముంది. 1994 పన్నుల సంస్కరణ తరువాత స్థానిక ప్రభుత్వాలకు భూవినియోగ హక్కుల విక్రయం ముఖ్య ఆదాయమార్గమైంది. పెద్ద ఖండాలుగా అమ్మితే లోపలి దారుల ఖర్చు కొనుగోలుదారు భరిస్తాడు. ఆ దారులు మాత్రం ప్రజలవి కావు.

అనుసంధానం – కొలమానం:
వీధులు 500 మీటర్లకొకటి చొప్పున గళ్లుగా ఉంటే చదరపు కిలోమీటరుకు 4 కిలోమీటర్ల వీధి, 4 కూడళ్లు వస్తాయి. 250 మీటర్లకొకటి ఉంటే వీధి పొడవు 8 కిలోమీటర్లు, అంటే రెట్టింపు. కూడళ్లు 16, అంటే నాలుగింతలు. 500 మీటర్ల సముదాయానికి ఉత్తరం వైపు నడుమ ఒకే ద్వారం ఉందనుకుందాం. అక్కడినుండి దక్షిణం వైపు నడుమనున్న బస్ స్టాపు 500 మీటర్ల దూరమే. కాని ప్రహరీ చుట్టి వెళ్లే వృద్ధురాలు 1000 మీటర్లు నడవాలి.

సవరణ ప్రయత్నాలు:
అమెరికన్ నగర రూపశిల్పి పీటర్ కాల్‌తార్ప్ సంస్థ చెంగ్‌గోంగ్ కేంద్రభాగానికి చిన్న బ్లాకులతో కొత్త ప్రణాళిక రూపొందించింది. 2016 ఫిబ్రవరిలో చైనా కేంద్ర నాయకత్వం, ఇకపై ప్రహరీల సముదాయాలను సూత్రప్రాయంగా నిర్మించరాదనీ, ఉన్నవాటిని క్రమంగా తెరవాలనీ మార్గదర్శకాలిచ్చింది. 2020 నాటికి చదరపు కిలోమీటరుకు 8 కిలోమీటర్ల వీధుల సాంద్రతను లక్ష్యంగా పెట్టింది. పై లెక్కలోని 250 మీటర్ల గడి ఇదే. అయితే అప్పట్లో అమలులో ఉన్న 2007 ఆస్తి చట్టం ప్రకారం సముదాయంలోని దారులు, నగర ప్రజామార్గాలు మినహా, యజమానుల ఉమ్మడి సొత్తు. దారి నడిచేవారి అవసరానికీ, దానికి వెల చెల్లించినవారి హక్కుకూ మధ్య ఘర్షణ ఇక్కడే తలెత్తింది.

ముగింపు:
భవనాన్ని పడగొట్టి మళ్లీ కట్టవచ్చు. పంచిన భూమిలో వీధిని తిరిగి సంపాదించడం కష్టం. కనుక భూమి అమ్మకానికి ముందే వీధుల అల్లికను నిర్ణయించాలి. కున్మింగ్ అనుభవం చెప్పే ప్రధాన పాఠం ఇదే.