లేవనని మొరాయించిన కంప్యూటర్లు

పిల్లలూ! మా పత్తికొండ చేలల్లో బోరు మోటారు తిరగకపోతే రైతు ఏం చేస్తాడో తెలుసా? వెంటనే మోటారును పైకి లాగడు. లాగితే కూలి ఖర్చంతా దండుగ. మొదట స్తంభం నుంచి కరెంటు వస్తున్నదా అని చూస్తాడు. తరువాత ఫ్యూజు, ఆ తరువాత స్టార్టరు, చివరకు బోరులోకి దిగే తీగ. కరెంటు ఎందాకా వచ్చి ఎక్కడ ఆగిందో తెలిస్తే జబ్బు దొరికినట్లే. (మీరు మాత్రం ఆ పెట్టె జోలికి పోకండి!)

కంప్యూటరు లేవకపోయినా వెతికే పద్ధతి ఇదే.

మీట నొక్కగానే అది ఒక్కసారిగా మేలుకోదు. ముందు లోపలి పలక మీద ఉన్న చిన్న ప్రోగ్రాము ఒకటి లేచి, మెమరీ, డిస్కు మొదలైనవన్నీ ఉన్నాయా అని చూసుకుంటుంది. అది డిస్కులో ఉన్న ఇంకొక ప్రోగ్రామును లేపుతుంది. ఆ రెండవది కెర్నెల్‌ను లేపుతుంది. కెర్నెల్ అంటే ఇంగ్లీషులో గింజలోని పప్పు అని అర్థం. బుడ్డకాయను ఒలిస్తే లోపల పప్పు ఉంటుంది గదా, అట్లాగే యంత్రాన్నంతా నడిపేది ఇది. మీరు చూసే ఆటలు, బొమ్మలు అన్నీ పైపొట్టు. ఆట ఏదైనా చెడితే కెర్నెల్ దాన్నొక్కదాన్నే ఆపివేస్తుంది. మరి కెర్నెల్‌లోనే తప్పు జరిగితే? దానిపైన పెద్ద ఎవరూ లేరు. అందుచేత, ఉన్న సమాచారం పాడుకాకుండా యంత్రం మొత్తం ఆగిపోతుంది.

2024 జూలై 19 శుక్రవారంనాడు ప్రపంచమంతటా సుమారు 85 లక్షల కంప్యూటర్లు ఇట్లా ఆగిపోయాయి. నీలిరంగు తెర తప్ప మరేమీ లేదు. విమానాలు నిలిచిపోయాయి. కొన్ని ఆసుపత్రులలో ఆపరేషన్లు వాయిదా పడ్డాయి. మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో రాసిన బోర్డింగు పాసులు ఇచ్చి పంపారు. దస్తూరి బాగున్నవారికి ఆనాడు మంచి గిరాకీ!

అవన్నీ మైక్రోసాఫ్ట్ వారి విండోస్ నడిచే యంత్రాలు. అప్పుడు ఆ సంస్థ అధిపతి మన హైదరాబాదులో చదువుకున్న సత్య నాదెళ్ల. అయితే తప్పు విండోస్‌ది కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే అమెరికా సంస్థ కావలివాడి వంటి ప్రోగ్రామొకటి అమ్ముతుంది. దొంగలను పట్టాలంటే ఇంటి లోపలే ఉండాలని అది కెర్నెల్‌లో కూర్చుంటుంది. ఆనాడు మన కాలమానం ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు, దొంగల గుర్తులు రాసిన కొత్త ఫైలు దానికి పంపారు. "21వ గడిలో ఏముందో చూడు" అన్నది ఆ ఫైలు. కావలివాడి చేతిలో ఉన్న గళ్లు 20 మాత్రమే! లేని గడి కోసం తనది కాని చోట తొంగిచూశాడు. యంత్రం కూలింది. అంతకు ముందు వచ్చిన ఫైళ్లు "21వ గడిలో ఏమున్నా సరే" అనేవి. కనుక అక్కడ చూసే పనీ పడలేదు, తప్పూ బయటపడలేదు.

78 నిమిషాలలో ఆ ఫైలును మార్చివేశారు. కాని పడిపోయిన యంత్రాల సంగతి? అవి లేచిన ప్రతిసారీ కావలివాడు ముందే మేలుకుంటాడు, అదే ఫైలు చదువుతాడు, మళ్లీ పడతాడు. దూరం నుంచి మందు పంపుదామంటే, నెట్‌వర్కు మేలుకునేది ఆ తరువాత! కొన్ని యంత్రాలను పదిహేనుసార్ల దాకా ఆపి లేపితే, ఏదో ఒకసారి పడిపోయేలోపునే కొత్త ఫైలు అంది బతికాయట. మిగిలినవాటి దగ్గరికి మనుషులే నడిచిపోవలసి వచ్చింది. మరీ అవసరమైన భాగాలను మాత్రమే లేపే 'సేఫ్ మోడ్'లో యంత్రాన్ని లేపి, పేరులో 291 అనే అంకె గల ఆ ఒక్క ఫైలును చెరిపివేశారు. తాళం వేసిన డిస్కులకైతే ముందుగా 48 అంకెలు తప్పులేకుండా కొట్టాలి. పని చూస్తే చిన్నది, యంత్రాలు చూస్తే లక్షలు.

ఇక్కడ తప్పు ఎక్కడుందో త్వరలోనే తెలిసింది. తెలియకపోతే? 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లాండు విద్యార్థి మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్‌ను నేడు వేలమంది దిద్దుతూ ఉంటారు. అది లేచేటప్పుడు చేసిన ప్రతి పనినీ ఒక్కొక్క వరుసగా తెర మీద రాయించుకోవచ్చు. ఆఖరి వరుస ఏదో చూస్తే ఎందాకా వచ్చి ఆగిందో తెలుస్తుంది. బోరు దగ్గర రైతు చూసేదీ అదే గదా.

ఇంకొక ఉపాయం నాకు మరీ ఇష్టం. నిన్నటి కెర్నెల్ లేచింది, నేటిది లేవలేదు, నడుమ 1000 మార్పులు జరిగాయనుకోండి. ఒక్కొక్కటే చూడరు. మొదటి 500 మార్పులు మాత్రమే ఉన్న కెర్నెల్‌ను లేపి చూస్తారు. లేచిందా, తప్పు తరువాతి 500లో ఉంది. లేవలేదా, మొదటి 500లోనే ఉంది. మళ్లీ అందులో సగం, ఆ సగంలో సగం. పదిసార్లలో దొంగ దొరుకుతాడు!

నమ్మకం లేకపోతే ఆడి చూడండి. మీ చెల్లెలిని 1 నుంచి 1000 లోపు ఒక అంకె తలచుకోమనండి. "500 కన్న ఎక్కువా?" అని మొదలుపెట్టి, అవును కాదు అనే జవాబులతోనే సగం సగం చేస్తూ పొండి. పది ప్రశ్నలు చాలు. ఆమె నడుమ అంకె మార్చకుండా ముందే కాగితం మీద రాయించుకోండి.