చిక్కని చేపల పులుసు, పాల చౌడర్: పోషక విలువల పోలిక

ఈ భాగం చదివిన తరవాత మీరు, చేపల వంటకాన్ని చిక్కబరిచే పదార్థాన్ని బట్టి దాని పోషక విలువ ఎలా మారుతుందో వివరించగలుగుతారు.

రెండు వంటకాలు

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో రంగనాయకస్వామి ఆలయాన్ని ఆనుకొని రంగసముద్రం చెరువు ఉంది. తెలంగాణ చెరువుల్లో సాధారణంగా పెంచే రోహు, బొచ్చె, మోసు మంచినీటి చేపలు. వీటిని చింతపండు పులుసులో వండి, వేయించిన పల్లీలు, నువ్వులు నూరిన ముద్దతో చిక్కబరచడం మనకు తెలిసిన పద్ధతే. ఉత్తర అమెరికాలో చేసే ‘చౌడర్’లో చేప ముక్కలను ఉల్లిగడ్డ, ఆలుగడ్డలతో ఉడికించి పాలు లేదా మీగడ కలుపుతారు.

పోషకాల లెక్క

నలుగురికి ముల్లు తీసిన రోహు మాంసం 500 గ్రాములు తీసుకున్నారనుకోండి. 100 గ్రాములకు సుమారు 17 గ్రాముల చొప్పున, ఒక్కొక్కరికి 21 గ్రాముల మాంసకృత్తులు అందుతాయి. చేప నుంచి వచ్చే కొవ్వు 2 గ్రాములకు మించదు. మిగిలిన తేడా చిక్కదనంలోనే ఉంది:

- 40 గ్రాముల పల్లీలు, 20 గ్రాముల నువ్వులు వేస్తే ఒక్కొక్కరికి 3 గ్రాములకు పైగా మాంసకృత్తులు, 6 గ్రాముల కొవ్వు అదనంగా చేరతాయి. ఈ కొవ్వులో అధిక భాగం అసంతృప్తమైనది.
- అర లీటరు పాలు పోస్తే ఒక్కొక్కరికి 4 గ్రాముల మాంసకృత్తులు, సుమారు 150 మిల్లీగ్రాముల కాల్షియం చేరతాయి.
- పాలకు బదులు 25 శాతం కొవ్వున్న మీగడ 200 గ్రాములు వేస్తే ఒక్కొక్కరికి 12 గ్రాములకు పైగా కొవ్వు చేరుతుంది. అందులో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు.

కాబట్టి ఎదిగే పిల్లలున్న ఇంట్లో చౌడర్ వండాలనుకుంటే మీగడ కన్నా పాలు మేలు. పాలు దొరకని ఇంట్లో పల్లీలు, నువ్వులతో చిక్కబరచిన పులుసు పోషకాహారమే.

చేప, పాలు కలిపి తినవచ్చా?

చేప తిని పాలు తాగితే బొల్లి వస్తుందని చాలామంది భయపడతారు. చర్మానికి రంగునిచ్చే కణాలు నశించడం వల్ల బొల్లి వస్తుంది. చేప, పాలు కలిపి తినడం దానికి కారణమని శాస్త్రీయ ఆధారం లేదు. చేప గానీ, పాలు గానీ, పల్లీలు గానీ పడనివారు మాత్రం ఆ పదార్థాన్ని మానుకోవాలి.

వండేటప్పుడు గమనించండి

పులుపు తగిలితే పాలలోని కేసిన్ గడ్డకట్టి పాలు విరుగుతాయి. అందుకే చౌడర్‌లో చింతపండు వేయరు. పాలు చివర్లో పోసి, సన్నని సెగమీద వేడి చేయాలి. నీటిలో కరిగే బి-విటమిన్లు కొంతవరకు రసంలోకి దిగుతాయి. ముక్కలు తిని రసాన్ని పారబోస్తే వాటిని కోల్పోతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. మీగడతో చేసిన చౌడర్‌కూ, పల్లీల ముద్దతో చేసిన పులుసుకూ కొవ్వులో తేడా ఏమిటి?
2. మీ ఇంట్లో వండే చేపల పులుసుకు పై పద్ధతిలో తలసరి మాంసకృత్తులు లెక్కించండి.