పెద్దలలో కలిసే చోటు

మరైగూడ అనే ఊరు ఇప్పుడు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లాలో ఉంది. ఒకప్పుడు అదంతా బస్తరే. సరిహద్దు దాటితే తెలంగాణలోని దుమ్ముగూడెం ప్రాంతం. రెండు వైపులా ఆదివాసులైన కోయలు, వాళ్ల దగ్గరివాళ్లయిన దోర్లలు.

దుమ్ముగూడెం దగ్గర గోదావరి పనులు చూసిన ఇంజినీరు హేగ్ చొరవతో 1860 ప్రాంతంలో కోయల మధ్య క్రైస్తవ మిషన్ మొదలైంది. తర్వాత చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున జాన్ కెయిన్ వచ్చి ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. సువార్త చెప్పడమే కాదు, కోయల బతుకును దగ్గరగా చూసి రాసిపెట్టారు. శవాన్ని మోసుకొచ్చిన మంచాన్ని చితి మీదికి ఎక్కించాక, ఆవునో ఎద్దునో చంపి, దాని తోకను చనిపోయిన మనిషి చేతిలో పెట్టేవారని ఆయన రాశారు.

కొత్త మతం తీసుకున్నవాళ్లు ఈ సాగనంపులో నిలబడవచ్చా? మిషన్లు అడుగుపెట్టిన ప్రతిచోటా ఈ ప్రశ్న ఎదురైంది. చైనాలో జెసూట్ మత ప్రచారకుడు మత్తెయో రిచ్చి, పూర్వీకులకు మొక్కడం కుటుంబ మర్యాదేనని ఒప్పుకున్నారు. 1742లో పోప్ దాన్ని గట్టిగా నిషేధించారు. మళ్లీ అనుమతి రావడానికి 1939 దాకా పట్టింది. అంటే దాదాపు రెండు వందల ఏళ్లు, చైనా క్రైస్తవులు అటు చర్చికీ ఇటు తాతముత్తాతలకూ మధ్య నలిగిపోయారు.

బస్తర్‌లో ఈ నలుగుడు ఇంకా ఆగలేదు. ఛింద్‌వాడా గ్రామంలో ఒక పాస్టర్ 2025 జనవరి 7న చనిపోతే, ఊరి శ్మశానంలో పూడ్చవద్దని గ్రామస్థులు అడ్డుకున్నారు. శవం మార్చురీలోనే ఉండిపోయింది. కేసు సుప్రీంకోర్టుకు చేరింది. జనవరి 27న దాన్ని విన్న న్యాయమూర్తులిద్దరూ వేర్వేరు తీర్పులు రాశారు. అయినా ఇక ఆలస్యం కాకూడదని, ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న క్రైస్తవుల శ్మశానంలో పూడ్చేలా కలిసి ఆదేశించారు.

మన భాషలో చనిపోయినవాళ్లు 'పెద్దలలో కలుస్తారు'. ఊరి ఆచారాన్ని కాపాడుకోవాలనే గ్రామస్థుల ఆరాటం నాకు అర్థమవుతుంది. వందేళ్ల కిందటి మిషనరీలు ఎన్నో ఆచారాలను మూఢనమ్మకాలని తోసేశారు, ఆ గాయమూ నిజమే. కానీ ప్రార్థన మారినంత మాత్రాన తాత మారడు, పుట్టిన ఊరు మారదు. చర్చి ఊరి పెద్దలను గౌరవించాలి, ఊరు తన బిడ్డకు ఆరడుగుల నేల ఇవ్వాలి.